సున్నా నొక్కిన చోటు

మా అక్క మొగుణ్ణి ఊళ్ళో అందరూ కాటా మేస్త్రి అంటారు. లారీలు ఎక్కి దిగే వేబ్రిడ్జిలు సరిగ్గా తూస్తున్నాయో లేదో పరీక్షించి, తేడా ఉంటే సరిచెయ్యడం ఆయన పని. ముప్పై నాలుగేళ్ళుగా మరో పని ఎరగడు. నేను దర్జీని. "నువ్వు మనుషుల్ని టేపు పెట్టి కొలుస్తావురా, అందుకే నీకు లావూ సన్నమే తప్ప అసలు సంగతి తెలీదు" అని నన్ను ఆటపట్టించేవాడు. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. మీ ఇంటికొస్తే మంచినీళ్ళకంటే ముందు తూకమే కదా బావా అనేవాణ్ణి.

అది వేళాకోళం కాదు, నిజమే. వాళ్ళింట్లో వీధి తలుపు పక్కనే చిన్న కాటా ఒకటి ఉండేది. చుట్టం గడప దాటగానే "ఎక్కు" అనేవాడు. ఎలా ఉన్నావు, పిల్లలు ఎలా ఉన్నారు అని ఆయన నోట ఏనాడూ వినలేదు. గ్యాసు బండ, బియ్యం బస్తా, కూరల సంచి, అన్నీ దాని మీదికి ఎక్కి దిగాల్సిందే. మా అక్కని మాత్రం నెలకోసారి, ఒకటో తారీకున. తూచనిది ఏదీ ఆయన నమ్మడు. ఆయనకి ప్రేమ అనేది ఉంటే అది ఆ అంకెల్లోనే ఉండేదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

అక్క పోయి పద్నాలుగు నెలలైంది. ఆవిడకి ఉన్న కోరికల్లా ఒక్కటే, ఆయన వెంట ఒక్కసారి పనికి వెళ్ళాలని. ఊళ్ళు చూడాలని కాదు, ఇన్నేళ్ళూ ఈయన ఎక్కడెక్కడ తిరిగాడో చూద్దామని. పాత బండిలో డ్రైవరు పక్కన పనిముట్ల పెట్టె తప్ప మనిషికి చోటుండేది కాదు. "కొత్త బండి కొన్నాక తీసుకెళ్తాలే" అని ఆయన పన్నెండేళ్ళు చెప్పాడు. చివరికి ఆవిడ ఆసుపత్రిలో కన్నుమూసిన రోజున కూడా ఆయన రెండు వందల కిలోమీటర్ల అవతల ఏదో కాటా కింద దూరి ఉన్నాడు. మర్నాడు పొద్దున వచ్చాడు. "నీ రాళ్ళకున్న విలువ కూడా మా అక్కకి లేకపోయింది" అని నేను నలుగురిలో అనేశాను. అన్నందుకు నేను ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

రాళ్ళంటే నిజం రాళ్ళు కావు. ఇరవై కిలోల ఇనప గుండ్లు, యాభై. వాటితోనే కాటాని పరీక్షిస్తారు. వాటికోసమే కొత్త పికప్పు కొన్నాడు. తెల్లటి బండి, ముందు ముగ్గురు కూర్చునే పొడుగాటి సీటు. సీటు మీది ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. మొదటి దూర ప్రయాణం నాలుగు కాటాలకి, రెండు రోజులు. తోడు రమ్మన్నాడు. ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి కాబట్టి కుట్టుమిషనుకి గుడ్డ కప్పేసి బయల్దేరాను.

మా ఊరి గోడౌన్లో ట్యాంకు నిండా డీజిల్‌తో, రాళ్ళతో, మా ఇద్దరితో కలిపి బండిని తూచాడు. రెండు వేల ఎనిమిది వందల యాభై. ఆ అంకె ఒక చీటీ మీద రాసి స్టీరింగు పక్కన అంటించాడు. "ఈ బరువు తెలిస్తే చాలు, ఏ కాటా ఎక్కినా దాని గుణం సగం తెలిసిపోతుంది" అన్నాడు. అందుకని ప్రతి కాటాకి ముందూ బంకులో ఆగి ట్యాంకు నింపించాలట. నేను కిటికీ పక్కన కూర్చుని నా సంచి మధ్యలో పెట్టబోయాను. "వెనక్కి వెయ్యి" అన్నాడు. కొత్త సీటు మాసిపోతుందని కాబోలు అనుకున్నాను.

మొదటిది కలప డిపోలో. బండి ఎక్కించగానే రెండు వేల ఎనిమిది వందల తొంభై చూపించింది. కాటాలో దోషం ఉందనుకుని రాళ్ళు దింపి, విడిగా పేర్చి చూశాడు. వెయ్యికి వెయ్యి, కచ్చితంగా. దోషం కాటాలో లేదు. బండి కింద దూరి చూశాడు, పనిముట్ల పెట్టె ఖాళీ చేసి చూశాడు. "పొద్దున నేను తిన్నది అంతా ఇంతా కాదు బావా" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రం పాత ఇనుము కొట్టు కాటా మీద కూడా అదే అంకె. రాళ్ళు సరిగ్గా వెయ్యి, బండి మాత్రం నలభై ఎక్కువ.

రెండో రోజు పొద్దున మూడో కాటాకి బయల్దేరాం. రోడ్డు తిన్నగా ఉంది, ఎదురొచ్చే బండి కూడా లేదు. మా ఇద్దరి మధ్యా సీటు కవరు ఉండుండి చిన్నగా చప్పుడు చేస్తోంది, కూర్చున్న మనిషి సర్దుకున్నట్టు. కొత్త ప్లాస్టిక్ కదా, ఎండకి సాగుతోంది అనుకున్నాను. అనుకున్నానే గానీ ఎందుకో తలుపు వైపు జరిగి కూర్చున్నాను. బావ అది చూశాడు.

మూడోది మూతపడ్డ రాతి క్వారీ దగ్గర. రెండు నెలలుగా లారీ ఎక్కని కాటా అది. చిన్న గదిలో అంకెల పెట్టె ముందు ఒకావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. మేం కాటాని పరీక్షించాం, సరిగ్గానే ఉంది. రాళ్ళు ఎక్కించుకుని బండిని చివరిసారి తూచాం, మళ్ళీ అదే రెండు వేల ఎనిమిది వందల తొంభై. బావ బండిని పలక మీంచి దింపి గదిలోకి వచ్చాడు. అప్పుడు ఆవిడ పెట్టె వంక వేలు చూపించింది.

ఖాళీ కాటా నలభై చూపిస్తోంది.

పలక మీద పురుగు కూడా లేదు. గాలి లేదు. పదకొండు గంటల ఎండలో ఇనప పలక తళతళలాడుతోంది. "కింద రాయేదైనా ఇరుక్కుందేమోనండీ" అంది ఆవిడ. బావ బోర్లా పడుకుని నాలుగు మూలలా చూసి వచ్చాడు. అంతా శుభ్రంగా ఉంది. ఇక చేతికి అలవాటైన పని చేశాడు. ఖాళీ కాటా ఏదైనా అంకె చూపిస్తుంటే సున్నా మీట నొక్కాలి. అప్పుడు దాని మీద ఉన్నదాన్ని లేనట్టే లెక్క వేసుకుంటుంది. లక్షసార్లు నొక్కి ఉంటాడు. నొక్కాడు. నలభై పోయి సున్నా వచ్చింది. మేం బయల్దేరాం.

దారిలో సీటు చప్పుడు చెయ్యలేదు. అది నేను తర్వాత గుర్తు తెచ్చుకున్నాను.

నాలుగోది సిమెంటు గోడౌన్లో. మధ్యాహ్నం రెండింటికి ట్యాంకు నింపి బండి ఎక్కించాం. రెండు వేల ఎనిమిది వందల యాభై. చీటీ మీద ఉన్నదే. "హమ్మయ్య, వదిలింది పీడ" అన్నాను. అన్నాక ఆయన మొహం చూశాను. పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"దిగిపోయిందిరా" అన్నాడు.

"ఎవరు బావా?"

"ఆసుపత్రి చీటీలో ఎంతుంది? నలభై రెండు. ఈ కాటాలు పదేసి కిలోల లెక్కన కదా చూపించేది. నలభై అనే చూపిస్తాయి."

ఆ చివరి ఏడాదిలో అక్క రవికలు మూడుసార్లు బిగించింది నేనే. నాలుగోసారి ఇక బిగించడానికి వీల్లేక కొత్తవి కుట్టి, పాతవేనని అబద్ధం చెప్పాను.

"ఎంతసేపని కూర్చుంటుంది, కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. అక్కడ కాస్త దిగింది. నేను చూసుకోకుండా... దాన్ని నుంచోబెట్టి సున్నా నొక్కేశాను రా." ఆయన బండి వెనక్కి తిప్పేశాడు. గోడౌన్ మేనేజరు కేకలేస్తూ గేటు దాకా పరిగెత్తుకొచ్చాడు. బావ అద్దం కూడా దించలేదు.

ఇదంతా పిచ్చి అని నాకు తెలుసు. ఎండ దెబ్బ అనీ, దుఃఖం అనీ పద్ధతిగా చెప్పి ఆయన్ని ఆపాల్సింది నేనే. కానీ పద్నాలుగు నెలల కిందట నోరు జారినవాణ్ణి, మళ్ళీ ఏ మొహంతో నోరు విప్పను?

మా బండి ఆగకముందే క్వారీ ఆవిడ బయటికి వచ్చేసింది. "మీరటు వెళ్ళారో లేదో, అయిదు నిమిషాలకే ఇది మైనస్ నలభై చూపించడం మొదలెట్టిందండీ. ఆపి మళ్ళీ వేద్దామంటే ముట్టుకోవడానికి భయమేసింది."

బావ గది కిటికీలోంచి అంకెల వంక చూసి అక్కడే కూలబడ్డాడు. దర్జీనైనా అది నాకూ అర్థమైంది. మనిషి నుంచుని ఉండగా సున్నా చేస్తే, ఆ మనిషి దిగాక గానీ మైనస్ రాదు.

"ఎటు వెళ్ళి ఉంటుంది?" అని ఆయన ఆవిణ్ణి అడిగాడు, తప్పిపోయిన మనిషి గురించి అడిగినట్టే. ఆవిడ గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

"మన వెనకే వచ్చి ఉంటుంది" అన్నాడు ఆయనే. "ఉన్నది ఒక్కటే రోడ్డు."

"వస్తూ మనం చూడలేదుగా బావా."

"వంద మీద పోతూ ఏం చూస్తాం?"

ఈసారి మనిషి నడిచేంత వేగంతో పోనిచ్చాడు. మంచం దగ్గర్నుంచి గుమ్మం దాకా రావడానికి అక్క ఎన్నిసార్లు ఆగేదో, దాన్నిబట్టి ఈ వేళకి ఎంత దూరం వచ్చి ఉంటుందో పైకే లెక్క వేస్తున్నాడు. రెండువైపులా బోడి నేల. చెట్టు లేదు, నీడ లేదు. ఆ ఎండలో, చెప్పుల్లేకుండా. ఆసుపత్రిలో చెప్పులు నేనే సంచిలో పెట్టి ఇంటికి పంపేశాను. అది గుర్తొచ్చి నాకు ఏడుపు ఆగలేదు.

రెండు కిలోమీటర్లకి ఒక కల్వర్టు వచ్చింది. పక్కన మోకాలెత్తు గోడ. "ఇక్కడ కూర్చుని ఉంటుంది" అని బండి ఆపాడు. నేను దిగి తలుపు తెరిచి పట్టుకున్నాను, మధ్య సీటులోకి ఎక్కే మనిషికి దారి ఇస్తాం కదా, అలా. గోడ మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. చెయ్యి లాగుతోంది, అయినా ముందు నేను ఎక్కడానికి మనసొప్పలేదు.

"ఎక్కిందా?" అన్నాడు లోపల్నుంచి. ఆయన తల తిప్పలేదు, రోడ్డు వంకే చూస్తున్నాడు.

"ఎక్కింది బావా."

నేను ఎక్కి తలుపు ఆనుకుని కూర్చున్నాను. దారిపొడుగునా కవరు చప్పుడు కోసం చెవులు రిక్కించాను. ఇంజను మోతలో ఏదీ తేలలేదు.

గోడౌన్‌కి వచ్చేసరికి సాయంత్రం అయిదున్నర. మేనేజరు మమ్మల్ని తిట్టి తిట్టి అలిసిపోయి, "ముందు ఆ బండి కాటా మీదికి ఎక్కించండయ్యా" అన్నాడు. బావ బండిని గోడ పక్కన ఆపాడు. దిగి వెనక తలుపు తీశాడు. ఒక్కొక్క రాయీ భుజాన వేసుకుని యాభై అడుగులు మోసి పలక మీద పెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఆయనకి అరవై రెండేళ్ళు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని ఆపాను.

"బండి ఒక్కసారి ఎక్కిస్తే అయిపోతుంది కదా బావా. నీకూ తెలుస్తుంది."

ఆయన భుజం మీది రాయి దించలేదు.

"లేదని చూపిస్తే ఇంటికెలా వెళ్ళను రా?" అన్నాడు.

నేను వెళ్ళి నాలుగో రాయి ఎత్తుకున్నాను.