జపాన్ ఐలేశం జుర్రుడు

నార్కట్‌పల్లి చుట్టుపక్కల ఐలేశాన్ని చూడనివాళ్ళు ఉండొచ్చు గానీ, ఆయన తింటుంటే విననివాళ్ళు మాత్రం లేరు. ఇంటి గడప దాటి ఎక్కడ కూర్చున్నా, చాయ్ కానివ్వండి, చారు కానివ్వండి, మేక కాళ్ళ శోర్వ కానివ్వండి, జుర్రి జుర్రి తినేవాడు. అదేమన్నా అల్లాటప్పా జుర్రుడా? నీళ్ళు అడుగంటిన బావిలో మోట ఈడ్చినట్టు మొదలై, బర్రె బురదలోంచి కాలు పీకినట్టు ముగిసేది. "ఏందే గా చప్పుడు?" అని ఎవరైనా అడిగితే రవ్వంత కూడా సిగ్గుపడకుండా "జపాను మర్యాద" అని, మిగతాది కూడా జుర్రేవాడు.

ఆ మర్యాద కింద పడి అందరికంటే ఎక్కువ నలిగినవాడు అంజయ్య. ఐలేశానికి స్వయానా బామ్మర్ది. హైదరాబాదుకూ నల్లగొండకూ మధ్య తిరిగే బస్సులో కండక్టరు. ఖాకీ బట్టలు, భుజాన తోలుసంచి, ఎక్కినవాళ్ళూ దిగినవాళ్ళూ "అంజయ్యసారు" అని పిలిచే పరువు. బావ చాయ్‌ను సాసర్‌లో వంచుకున్నాడంటే చాలు, ఆ పరువు కాస్తా బస్సు దిగి వెళ్ళిపోయేది.

ఇంతకీ ఐలేశానికి జపాను ఎక్కడ తగిలిందంటారా? గొర్లమందలున్న ఇంట్లో పుట్టాడు గానీ ఆయన ప్రాణమంతా వరి మీదే. సర్కారు ఊరూరా తిరిగి జపాను పద్ధతి వరిసాగు చేయమని చెబుతున్న రోజులవి. తాడు పట్టి వరసగా నాటు వేయమంటే ఊరంతా పడిపడి నవ్వింది. ఐలేశం ఒక్కడే వేశాడు. గింజ విరగకాసింది. దాంతో, కొందరు రైతులను ఆ దేశం పంపి చూపించాలని పెద్దలు అనుకున్నప్పుడు ఈయన పేరూ రాశారు. ఒక పంటకాలం అక్కడ ఉండి వచ్చాడు. వచ్చాక జనం ఆయన్ని వరి గురించి ఒక్క ముక్క అడిగితే ఒట్టు. అడిగేదంతా తిండి గురించే.

ముఖ్యంగా బక్కమ్మ. ప్రతి వారం కూతురింటికి అంజయ్య బస్సులోనే పోయే ముసలామె; ఐలేశం అదే బస్సెక్కాడంటే వదిలేది కాదు. నోట్లో పళ్ళు లేవు గానీ ప్రశ్నలకు లోటు లేదు.

"మరి ఆడ ఏం తిన్నవే ఐలేశం?"

"సెలవు దినం మమ్ములను ఒసాకా పట్నం తోల్కపోయేటోళ్లు అవ్వా. గల్లీ గల్లీకి హోటళ్లే. మన కోళ్లగూడంత ఉంటయ్. వాకిట్ల ఒక గుడ్డ ఏలాడుతది. నేను గుడ్డ ఎత్తి తల లోపల వెట్టిన్నో లేదో, లోపలున్నోళ్లంత ఒక్కసారే ఒర్రిండ్రు."

"అయ్యో, నువ్వేం జేసినవ్?"

"నేనేం జెయ్యలే. ఏం తప్పయిందో అనుకొని బయటికి ఉరికిన. మాతోని వచ్చిన దుబాసి నా రెక్క వట్టి మల్ల లోపలికి గుంజిండు. రా, కూసో అని పిలుస్తున్నరట."

బక్కమ్మ గడ్డం కింద చేయి పెట్టుకుంది. "పిలుసుడు గూడ గంత కోపంగనా? సరే, ఇంకేం జూసినవ్?"

"వాకిట్ల అద్దాల పెట్టెల గిన్నెల నిండ వంటకాలు వెడ్తరు. ఆవిరి రాదు, ఈగ వాలది. పాసిపోయినయేమో అనుకున్న. మైనంతోని చేసిన బొమ్మలట. మన అసుంటి చదువురానోడు గూడ ఏలు వెట్టి గదే కావాలె అనొచ్చని."

"పుల్లలతోని తింటరంట గద. పుల్లలతోని శోర్వ ఎట్ల తాగుతరు?"

"పుల్లలు ముక్కలకు. శోర్వకు గిన్నె ఎత్తుడే."

"మరి చాయ్?"

"పాలుండయ్, చక్కెర ఉండది. గడ్డి నానవెట్టిన నీళ్ల లెక్క పచ్చగుంటది."

బస్సంతా ఆ దేశం మీద జాలిపడింది.

అక్కడితో ఆగితే అంజయ్యకు ఏ బాధా ఉండకపోవును. ఆ తర్వాత ఒసాకా ముసలామె హోటలు కథ వచ్చేది. ఒక సందులో ఒక ముసలామె ఒంటరిగా నడిపే హోటలది. లావుపాటి సేమ్యాలాంటిది వేడివేడి శోర్వలో వేసి ఇస్తుంది. ఐలేశం బుద్ధిమంతుడిలా చప్పుడు కాకుండా తిన్నాడు. ఆమె వచ్చి ఆయన ముఖంలోకి చూసి, గిన్నె తీసుకుపోయి, ఇంకొకటి వండి తెచ్చింది. అదీ అలాగే తిన్నాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ వండబోతుంటే దుబాసి చెప్పాడు: "జుర్రవయ్య నాయినా. జుర్రకపోతె మంచిగ లేదన్నట్టు."

ఈ కథలో గిన్నె సైజు ఒక్క తీరుగా ఉండేది కాదు. హైదరాబాదులో చెంబంత ఉండేది. చిట్యాలకు వచ్చేసరికి తాంబాళమయ్యేది. నల్లగొండలో బస్సు దిగేవేళకు గోలెమంత అయ్యేది. చివర్లో మాట మాత్రం ఎప్పుడూ ఒక్కటే.

"వండేటామె పొయ్యి దిక్కు తిరిగి, మన దిక్కు ఈపు వెట్టి నిలవడ్తది. మన మొకం ఆమెకు కనవడదు. గప్పుడు మనం ఆమె చెవులకే చెప్పాలె."

"చెప్పు గని, నా బస్సుల చెప్పకు," అనేవాడు అంజయ్య.

బస్సు సంగతి సరే, పెళ్ళిళ్ళను ఎలా తప్పించుకోవడం? ఆలేరులో చుట్టాల పెళ్ళిలో వంట చేసిన బాలనర్సమ్మ, తొందరలో చారులో రెండుసార్లు ఉప్పేసింది. మగపెళ్ళివాళ్ళు ముఖాలు గంటు పెట్టుకున్నారు. ఆడపెళ్ళివాళ్ళు బాలనర్సమ్మ మీద విరుచుకుపడబోతున్నారు. అంతలో బంతి చివర నుంచి మోట బావి చప్పుడు లేచింది. పెళ్ళికొడుకు మేనమామకు నవ్వు ఆగక పొలమారింది. చిన్నాపెద్దా చారు సంగతి మరిచి, ఇంకోసారి జుర్రమని ఐలేశం చుట్టూ చేరారు. అంజయ్య సగం అన్నంలోనే లేచి చేయి కడిగేసుకున్నాడు.

నార్కట్‌పల్లిలో బస్సు మల్లప్ప హోటలు ముందు ఆగేది. ఆపినందుకు డ్రైవరు కాటమయ్యకూ అంజయ్యకూ పూరీ, చాయ్ ముఫ్తు. ఒకరోజు మల్లప్ప, కొత్తగా చేరిన చాయ్ మాస్టర్‌ను చాయ్ బాగాలేదని అందరి ముందూ నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. సరిగ్గా ఆ నడుమనే ఐలేశం ఆ చాయ్‌ను పైకప్పు రేకులు అదిరేలా జుర్రాడు. జనమంతా గొల్లుమన్నారు. మల్లప్ప కోపం దారి తప్పి ఐలేశం మీద పడింది.

"గిది హోటలా, బర్ల కుడితి తొట్టా? లేవయ్య, లే. మల్ల ఈ గడప తొక్కకు."

ఐలేశం నోరు తుడుచుకుని, చాయ్ మాస్టర్‌కు తలవంచి దండం పెట్టి, తీరిగ్గా రోడ్డు దాటి అవతలున్న జానమ్మ హోటల్లోకి పోయి కూర్చున్నాడు.

అంజయ్య గబగబా బస్సు చాటుకు జరిగాడు. జానమ్మ హోటలంటే నాలుగు రేకులు, ఒక పొయ్యి, ఒక బల్ల. పెనిమిటి రోడ్డు పనిలో పోయాక, ఎవరి ముందూ చేయి చాపనని పట్టుబట్టి పెట్టుకుంది. జొన్నరొట్టె, కాళ్ళ శోర్వ. ఆమె చేతి వంట వాసన రోడ్డు ఇవతలకు కూడా వచ్చేది. కానీ ఆమె ఏ వాడ మనిషో అందరికీ తెలుసు. బస్సు దిగినవాళ్ళు ముక్కు ఎగబీల్చి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మల్లప్ప పూరీలకే పోయేవారు. వానలు పడేదాకా చూస్తాననీ, అప్పటికీ మనిషి రాకపోతే రేకులు పీకేసి కడుతున్న సాగరు కట్ట మీద రాళ్ళు మోయడానికి పోతాననీ ఆమె తేల్చి చెప్పేసింది. మబ్బులు అప్పటికే కమ్ముకుంటున్నాయి.

జానమ్మ శోర్వ పోసి, పొయ్యి వైపు తిరిగి నిలబడింది. బస్సు ఇంజను ఆగి ఉంది. రోడ్డంతా నిశ్శబ్దం. అప్పుడు ఐలేశం గిన్నె ఎత్తాడు.

ఆ జుర్రుడు ముందు ఇదివరకటివన్నీ దిగదుడుపే. మల్లప్ప హోటల్లో పూరీలు తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. రోడ్డు పక్కన మేక ఒకటి తాడు తెంపుకుంది.

"గాయిన ఎవరు సారూ?" అని ఎవరో అంజయ్యను అడిగారు.

"ఏమో, నాకు తెల్వది."

లోపల్నుంచి కేక వచ్చింది. "అంజయ్యా, ఓ బామ్మర్దీ, జర ఇటు రా."

అంజయ్య బస్సు టైరు చూస్తున్నట్టు వంగిపోయాడు. కానీ బక్కమ్మ కర్ర పట్టుకుని లేచింది. "గంత చప్పుడయ్యే శోర్వ ఎట్లుంటదో నేను సూడాలె," అంది.

"అవ్వా, గామె..." అని ఎవరో నసిగారు.

"నాకు తెల్సు గామె ఎవరో. నా ఈడుకు నన్ను ఆపేటోడు ఇంక పుట్టలే."

పోయి కూర్చుని, గిన్నె ఎత్తి, పళ్ళు లేని నోటితో ఆమె కూడా ఒక జుర్రు జుర్రింది. దాంతో కొందరి చెవులు ముందు పోయాయి, వెనకే ముక్కులు పోయాయి, ఆఖరికి కాళ్ళు కూడా రోడ్డు దాటాయి. దాటనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళు పూరీలు తింటూ వాసన చూస్తూ ఉండిపోయారు.

ఆ రద్దీలో జానమ్మ ఐలేశం దగ్గరికి వచ్చి మెల్లగా అంది: "అన్నా, ఇయ్యాల ఉప్పు జర ఎక్కువైంది. గంత జుర్రేటట్టు లేదు."

"తెల్సు చెల్లె. గందుకే జర గట్టిగ జుర్రిన."

ఆమె నవ్వాపుకుంటూ ఇంకో గరిటె పోసింది.

అప్పటినుంచి బస్సు ఆగిందంటే ఐలేశం చప్పుడు, వెనకే జనం. కొన్నాళ్ళకు డ్రైవరు కాటమయ్య కూడా రోడ్డు దాటాడు. "ముఫ్తు పూరీ ముఫ్తు లెక్కనే ఉంటది," అన్నాడు. బస్సు ఆగే చోటు కూడా రోడ్డుకు ఆ పక్కకు మారింది. వానలు పడ్డాయి. రేకులు అలాగే ఉన్నాయి.

ఇంత జరిగినా అంజయ్యకు పరువు బెంగ తీరలేదు. తీరిక చూసుకుని అక్క సైదమ్మ దగ్గరికి పోయాడు. జొన్న గటుక, పచ్చిపులుసు పెట్టింది. పక్కనే బావ కూడా తింటున్నాడు.

"అక్కా, జర బావకు నువ్వన్న చెప్పు. గా జుర్రుడుతోని నేను తలెత్తుకోలేకపోతున్న."

"ఏం జుర్రుడురా తమ్మీ?" అంది సైదమ్మ. "పిల్లి పాలు తాగినట్టు తింటడు. ఉన్నడా లేడా అని నేనే మర్లి చూస్త."

అప్పుడు చూశాడు అంజయ్య. నిజమే, పచ్చిపులుసు ఐలేశం గొంతులోకి దొంగలా దిగుతోంది. ఈ ఇంట్లో తను ఇన్నిసార్లు తిన్నాడు, ఎన్నడూ గమనించలేదు.

ఉన్న సంగతంతా విన్నాక సైదమ్మ గరిటె కింద పెట్టేసింది. "ఓహో. ఊరోళ్ల వంటంత మంచిగున్నది, నా వంటనే మంచిగ లేదన్నట్టు. గింతేనా?"

"నీ వంట మంచిగుంటదని నీకు తెల్వదా?" అన్నాడు ఐలేశం.

"నాకెందుకు తెల్వది? మంచిగ తెల్సు."

"తెల్సినోళ్లకు చప్పుడెందుకే? మంచిగున్నదో లేదో తెల్వక బుగులుపడేటోళ్లకు గని."

ఉప్పు చారు ముందు బెదిరిపోయిన బాలనర్సమ్మ అంజయ్య కళ్ళ ముందు మెదిలింది. తిట్లు తింటున్న చాయ్ మాస్టర్ మెదిలాడు. మబ్బుల వైపు చూస్తూ నిలబడ్డ జానమ్మ మెదిలింది. ఇన్నాళ్ళూ చప్పుడే విన్నాడు గానీ, అది ఎవరి కోసమో ఒక్కనాడూ చూడలేదు. తన మీద తనకే రోత పుట్టింది.

"బావా, నిజం చెప్పు. జపానుల అన్నీ జుర్రుతరా?"

"లేదురా. గా సేమ్యా ఒక్కటే."

"మరి చాయ్, చారు, శోర్వ?"

"గవి నేను కల్పుకున్న."

సైదమ్మ మాత్రం ఇంకా మెట్టు దిగలేదు. "తెల్సు గని, ఒక్కసారి జుర్రు. ఎట్లుంటదో నేను గూడ ఇంట." ఐలేశం గిన్నె ఎత్తాడు. గోడ మీది కోడి ఎగిరి అవతల పడింది. సైదమ్మ ముఖం నిండా కొంగు కప్పుకుని, "ఊకో, ఊకో, వాడకట్టంత ఇంటది," అంది. ఆ సాయంత్రమంతా ఆమె ముఖంలో వెలుగు తగ్గలేదు.

ఆ తర్వాత ఒకరోజు, జానమ్మ హోటలు కిటకిటలాడుతుండగా, ఐలేశం వచ్చి మూలన కూర్చుని చడీచప్పుడు లేకుండా శోర్వ తాగాడు. జానమ్మ నడుం మీద చేయి వేసుకుంది. "ఏందన్నా, మంచిగ లేదా?"

"నీకు తెల్వదా?"

"తెల్సు," అంది ఆమె, పొయ్యి వైపు తిరగకుండా, ఆయన ముఖంలోకే చూస్తూ. ఐలేశం గిన్నె కింద పెట్టి చేయి కడుక్కున్నాడు. ఆ హోటల్లో ఆయన మళ్ళీ జుర్రలేదు.

చలికాలంలో ఒక పొద్దున బస్సు చిట్యాల దాటుతోంది. రోడ్డు పక్కన కొత్తగా ఒక తాటాకు పందిరి. మైసయ్య అనే ముసలాయన చాయ్ డబ్బా పెట్టుకుని, ఈగలు తోలుకుంటూ నిలబడ్డాడు. బల్ల మీద ఒకే ఒక్క మనిషి. ఇంజను రొదను చీల్చుకుని మోట బావి చప్పుడు బస్సులోకి వచ్చింది.

"హోల్డాన్," అన్నాడు అంజయ్య.

కాటమయ్య వెనక్కి తిరిగాడు. "ఈడ స్టాపు లేదు గదరా."

"ఇయ్యాల్టి సంది ఉన్నది."

అంజయ్య దిగి, ఖాకీ చొక్కా సర్దుకుని, బావ పక్కన కూర్చున్నాడు. మైసయ్య చాయ్ ఇచ్చి పొయ్యి వైపు తిరిగాడు. అంజయ్య సాసర్‌లో వంచుకున్నాడు. ఆ పక్కా ఈ పక్కా చూసి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్క జుర్రు జుర్రాడు. కొత్త కదా, సగం చొక్కా మీద పడింది. అయినా బస్సు కిటికీలన్నిటిలోంచి తలలు బయటికి వచ్చాయి.

"గా ఖాకీ బట్టలాయిన ఎవరు?" అని ఒకరు డ్రైవరును అడిగారు.

"ఏమో, నాకు తెల్వది," అన్నాడు కాటమయ్య, చాయ్ తాగడానికి దిగుతూ.