మూడో యూనిట్ నీలం నీళ్లు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఫలానా ఇంట్లో అడుగుపెడితే ఒళ్లు చల్లబడుతుందని ఎవరైనా చెబితే, ఆ ఇంటికి ఏసీ అక్కర్లేదన్నమాట, ఒక గిరాకీ పోయింది అనుకునే రకం నేను. నంద్యాలలో ఏసీ మెకానిక్‌ని. సీలింగుల పైన దయ్యాల కంటే నేనే ఎక్కువ తిరిగి ఉంటాను. అక్కడ నాకు కనిపించినవి బల్లులు, ఎలుకలు, ఒకసారి ఎవరిదో టిఫిన్ డబ్బా.

అందుకే ఇది నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

సీలింగులో బిగించే క్యాసెట్ ఏసీ నడుస్తున్నంతసేపూ లోపల ట్రేలో నీళ్లు చేరతాయి. గోడ ఏసీ అయితే వాటంతటవే కిందికి జారిపోతాయి. దీనికి ఆ వీలు లేదు. చిన్న పంపు ఒకటి ఆ నీళ్లను రెండడుగులు పైకెత్తి పైపులోకి నెట్టాలి. పంపు ఆగితే ట్రే నిండి, కింద ఎవరుంటే వాళ్ల నెత్తిన పడతాయి. అందుకే బిగించాక లీటరు నీళ్లు పోసి పరీక్షించాలి.

ఈ పని నాకు నేర్పింది ఓబులేసన్న. ఆయనకు కొన్ని పద్ధతులుండేవి. ట్రేలో చెయ్యి పెట్టేముందు పంపు వైరులోని చిన్న గాజు ఫ్యూజు తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. అది లేకుంటే పంపు కదలదు, వేళ్లు భద్రం. రెండు మూడు ఏసీలకు కలిపి ఒకటే పైపు ఉంటే ఒక్కోదానిలో ఒక్కో రంగు నీళ్లు పోసేవాడు. పసుపు, కుంకుమ, తెల్లబట్టలకు పెట్టే నీలిమందు. చిటికెడంతే. కింద ఏ రంగు వస్తే ఆ పంపు పాసు.

పంపు చప్పుడు విని సరేననే మనిషి కాదు. "చప్పుడుదేముందిరా, పొద్దస్తమానం నువ్వూ చేస్తాండావ్. నీళ్లు చేతికి తగిలినాకే నమ్మల్ల," అనేవాడు. పైపు కింద అరచెయ్యి పట్టుకుని నిలబడేవాడు. తర్వాత ఆ నీలం చేత్తోనే టీ తాగేవాడు. పోయిన ఏడాది గుండెనొప్పితో పోయాడు. ఆయన నిచ్చెన ఇప్పుడు నా దగ్గరుంది.

ఈ వానాకాలంలో ఆళ్లగడ్డలో ఒక చిన్న ఆసుపత్రికి పోయాను. పేరు చెప్పను. పసిపిల్లల కోసం కొత్త గది కట్టారు. వేరే చోట విప్పి తెచ్చిన మూడు పాత క్యాసెట్ యూనిట్లు బిగించాను, మూడింటికీ కలిపి ఒకటే పైపు. ట్రే నిండితే ఏసీని ఆపేసే స్విచ్ వాటికి లేదు. మూడో యూనిట్ సరిగ్గా ఊయల తొట్లు పెట్టే చోటికి పైన ఉంది.

నేను చేసిన తెలివైన పని ఏమిటంటే, ట్రేలు మూడూ ఒక ఊపులో తుడిచేద్దామని మూడు ఫ్యూజులూ ఒకేసారి తీసి జేబులో వేసుకున్నాను. బయట వరండాలో నేలకు పరిచే బేతంచెర్ల బండలు కోస్తున్నారు. ఆ మిషన్ గోలలో నా మాట నాకే వినబడటం లేదు, ఇక పంపు చప్పుడు ఎక్కడ! పెరట్లో పైపు కింద బకెట్ పెట్టి, ఆసుపత్రి ఆయా మరియమ్మక్కను నిలబెట్టాను. చెయ్యి పెట్టి చూడాల్సిన నేను గదిలోనే ఉండి ఒక్కో యూనిట్‌లో ఒక్కో రంగు నీళ్లు పోశాను, మూడోదానిలో నీలం.

"పసుపు వచ్చెప్పా!" అని కిటికీలోంచి అరిచింది.

కాసేపటికి, "ఎర్రగొచ్చె!"

మూడోసారి, "నీలం వచ్చె! నా చీర మీద గూడా వచ్చె!"

మూడూ సరి అని కాగితం మీద సంతకం పెట్టి, ఏసీలు ఆపి, బస్సెక్కాను.

సాయంత్రం నంద్యాలలో చొక్కా విప్పుతుంటే జేబులోంచి ఒక ఫ్యూజు పడింది. రెండు తిరిగి పెట్టానన్నమాట. మూడోది టికెట్ లేకుండా నాతోపాటు వచ్చింది. నేను అదనపు ఫ్యూజులు దగ్గర పెట్టుకోను. మరి నీలం ఎలా వచ్చింది? జవాబు తట్టలేదు కాబట్టి అన్నం తిన్నాను.

పిల్లల్ని కొత్త గదికి మార్చేది మర్నాడు పదింటికి. పొద్దున్నే పోయి గుట్టుగా పెట్టి వద్దామనుకున్నాను. అప్పుడే ఫోన్ చేసి, ఆ గదిలో ఏసీ వెయ్యొద్దని ఒక్క మాట చెప్పాల్సింది. తప్పు ఒప్పుకోవడానికి నామోషీ వేసింది. ఆ రాత్రి పెద్ద వాన.

మొదటి బస్సుకు పోయాను. మరియమ్మక్క గుమ్మంలోనే ఎదురైంది.

"ఏందప్పా, ఇంత బేగా వచ్చినావ్?"

"చిన్న చెకింగ్ అక్కా. గదిలో ఎవరూ లేరు గదా?"

"ల్యాకేం? రాత్రి వానకు పాత గది కారతాండె. పిల్లోల్లను ఈడికే తెచ్చినాం. రాత్రంతా ఏసీ ఆడతాండాది."

ఆమెను దాటుకుని గదిలోకి పరుగెత్తాను.

మూడో యూనిట్ కింద తొట్లో రెండు రోజుల పాప. ఇంకా పేరు కూడా లేదు. పసుపు రంగు టోపీ, పిడికిలి బిగించి నిద్ర. దుప్పటి తాకాను. పొడిగా ఉంది. టోపీ పొడిగా ఉంది. నేల మీద ఒక్క చుక్క లేదు. తొట్టిని పక్కకు జరిపించి నిచ్చెన ఎక్కాను.

టార్చి వేసి చూస్తే ఫ్యూజు ఉండాల్సిన చోటు ఖాళీ. ట్రేలో వేలి గోరు మునిగేంత నీళ్లు. లీటరు ముందే పోశాను, ఆపైన రాత్రంతా ఏసీ నడిచింది. ట్రే ఎప్పుడో పొంగి ఉండాలి.

పంపు మీద వేలు పెట్టాను. అదురు లేదు. చల్లగా, రాయిలా ఉంది. దాని పక్కన పారదర్శకమైన గొట్టంలో, లేత నీలం నీళ్లు పైకి ఎక్కుతున్నాయి.

చప్పుడు లేదు. తొందర లేదు. బెత్తెడు బెత్తెడుగా, కిందికి రావాల్సిన నీళ్లు పైకి పోతున్నాయి. దేనికైనా ఒక జోకు వేయగలను నేను. అప్పుడు ఒక్కటీ రాలేదు. కింద పాప ఆవలించింది. గొట్టంలో నీళ్లు ఎక్కుతూనే ఉన్నాయి.

"అట్ల నిలబడినావేందప్పా? బల్లి ఉండాదా?"

"ఏం లేదక్కా. పైపు కాడ నీళ్లొస్తాండాయా చూడు."

"చూసేదేముంది? రాత్రి నుంచి రెండు బకెట్లు పారబోసినా!"

జేబులోంచి ఫ్యూజు తీశాను. అది చేతిలోకి రాగానే గొట్టంలో నీళ్లు ఆగాయి. కిందికి జారలేదు. ఉన్నచోటనే నిలబడ్డాయి. చాలాసేపు బరువు మోసినవాడు, అందుకునేవాడి చెయ్యి సరిగ్గా పడేదాకా వదలకుండా పట్టుకుంటాడే, అలా.

ఫ్యూజు పెట్టాను. పంపు గుర్రుమంది. నీళ్లు మామూలుగా పరుగెత్తాయి.

ఐటీఐలో నాకు పాఠం చెప్పిన సారును అడిగితే, సైఫన్ అయి ఉంటుంది, పైపు తనంతట తానే నీళ్లు లాగి ఉంటుందన్నారు. దానికి పైపు మొత్తం నీళ్లతో నిండాలి కదా సార్, మాది నాలుగు వేళ్ల లావు, పైన గాలికి తెరిచి ఉంది అన్నాను. ఆయన వర్క్‌షాపులో రెండుసార్లు చేసి చూశారు. రెండుసార్లూ ప్యాంటు తడిసింది గానీ నీళ్లు ఎక్కలేదు.

ఓబులేసన్న పని అని కూడా నేను అనను. ఆయనే అయితే ఫ్యూజు లేని పంపును పాస్ చేయడు. ముందు నన్ను నిచ్చెన దింపి తిట్టేవాడు.

ఆ రోజు మాత్రం దిగి పెరట్లోకి పోయాను. బకెట్ పక్కకు తోసి పైపు కింద అరచెయ్యి పట్టాను. ఎక్కువసేపే నిలబడ్డాను. చల్లటి నీళ్లు, చివర్లో కాస్త నీలం. అవి రాత్రంతా ఎలా ఎక్కాయో ఈరోజుకీ నాకు తెలియదు. చేతికైతే తగిలాయి.