ఆరుగురికి ఒకటే మిషను

ఆదిలాబాద్‌లో నేను పనిచేసిన ఆఫీసులో కంప్యూటర్ ఒక్కటే ఉండేది. తొంభైల తొలి సంవత్సరాలు. లోపలి గదిలో ఏసీ కింద యూనిక్స్ మిషను, చెప్పులు విప్పితే గానీ దాని దగ్గరికి రానిచ్చేవారు కాదు. బయట హాల్లో దానికి తగిలించిన ఆరు టెర్మినళ్లు, వాటి ముందు ఉక్కపోతలో మేం ఆరుగురం. ఎవరి పేరుతో వాళ్లు లాగిన్ అయినా పనిచేసేది ఆ ఒక్క మిషనే. ఒకరు పెద్ద పని పెడితే మిగతా వాళ్లకి మీట నొక్కాక అక్షరం రావడానికే ఎంతో సేపు పట్టేది. సాయంత్రానికి టైపు కన్నా ఆ ఎదురుచూపే ఎక్కువ అలసట అనిపించేది.

మిషను బాధ్యత నాది. అందరి మీదా చెల్లే పాస్‌వర్డ్ నా ఒక్కదాని దగ్గరే ఉండేది. ఎవరు కూర్చున్నారో, ఎవరు ఎంతసేపటి నుంచి మీట ముట్టలేదో నాకు కనిపించేది. ఎవరి పనినైనా మధ్యలో ఆపేయగలను.

నా పక్క టెర్మినల్ మేమంతా చాచా అని పిలిచే పెద్దాయనది. ఏళ్ల తరబడి ఉర్దూ, ఇంగ్లిషు టైపు మిషన్ల మీద పనిచేసి, రిటైర్మెంటు దగ్గరపడ్డాక మా హాల్లోకి వచ్చారు. టైపు మిషను మీద కొట్టింది కాగితం మీద ఉంటుంది. ఇక్కడ కొట్టింది ఎప్పటికప్పుడు సేవ్ చేసి దాచుకోవాలని, లేకపోతే పోతుందని నేర్పాల్సింది నేనే. ఒకసారి గబగబా చెప్పి వదిలేశాను.

ఆ ఎండాకాలం ఊళ్లలో చెడిపోయిన బోరింగుల, అంటే చేతిపంపుల, జాబితా తయారు చేస్తున్నాం. ఒక శుక్రవారం జైనూర్ వైపు గుట్టల్లోంచి ఒక బోరింగు మెకానిక్ వచ్చాడు. అతని నోటుబుక్కు మరాఠీ రాతలో ఉంది. మాలో ఎవరికీ చదవరాదు. అతను చదువుతుంటే చాచా పొద్దున్నుంచీ టైపు చేశారు. మధ్యాహ్నం బస్సుకి అతను నోటుబుక్కు తీసుకుని వెళ్లిపోయాడు. చాచా జుమ్మా నమాజుకు వెళ్లారు.

అప్పుడే మిషను మొండికేసింది. పెద్ద సారు గదిలోంచి బయటికి వచ్చారు.

"మిషను పండుకున్నదా ఏంది? లిస్టు సాయంత్రం జీపుల పోవాలె. ఊకెనే ఉన్నది ఎవలదో చూసి తీసెయ్."

చూశాను. చాచా పేరు ముందు చాలాసేపటి నుంచి కదలిక లేదు. ఆయన పనిని మిషనులోంచి తీసేశాను. మిషను ఏమీ తేరుకోలేదు. ఇంకోసారి చూస్తే, పొద్దున నేనే మొదలుపెట్టి మరిచిపోయిన పని ఒకటి లోపల నడుస్తోంది. జిల్లా జాబితా మొత్తాన్ని వరస పెట్టే పని. మిషనును తొక్కిపట్టింది అదే.

చాచా తిరిగొచ్చి, మళ్లీ పేరు కొట్టి వెతికారు. దాచి ఉంచకపోవడంతో, పొద్దున కొట్టిన ఊళ్ల పేర్లు ఒక్కటీ లేవు.

"నేనే ఏదో తప్పు మీట ఒత్తినట్టున్న బిడ్డా" అన్నారు.

నేను తల ఊపాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ తల ఊపడమే గుర్తొస్తుంది.

ఆ సాయంత్రం జీపులో జాబితా ఆ ఊళ్లు లేకుండానే పోయింది. మర్నాడు చాచా జైనూర్‌కు బయల్దేరితే నేనూ వస్తానన్నాను. "నువ్వెందుకు బిడ్డా, ఎండల?" అన్నా వినలేదు. ఉట్నూరు దాటాక, బస్సు గుట్ట ఎక్కుతుండగా చెప్పాను.

"చాచా, మీరు తప్పు ఒత్తలే. నేనే తీసేసిన."

ఆయన కిటికీలోంచి చూస్తూనే అడిగారు.

"తీసేటప్పుడు నా పేరు కనపడ్డదా?"

"కనపడ్డది."

"మసీదు ఆఫీసు ఎనుకనే ఉండె గద. ఒక్క మాట అడగద్దా?"

మెకానిక్ ఒక గూడెంలో బోరింగు విప్పుతూ కనిపించాడు. చేతుల నిండా గ్రీజు.

"నిన్ననే చెప్తిని గద సాబ్?"

"మిషన్ల పోయింది భాయ్. జర మళ్ల చెప్పు" అన్నారు చాచా. నా పేరు ఎత్తలేదు.

నేను నేల మీద కూర్చుని అన్నీ కాగితం మీద రాసుకున్నాను. బిందెతో నిలబడ్డ ఒక ముసలవ్వ నా రాతను చూస్తూ అడిగింది.

"గీ ఎండలున్నప్పుడే బాగుచేస్తరా బిడ్డా?"

చేస్తారన్నాను. చెయ్యలేదు. ఆలస్యంగా చేరిన ఊళ్లని రెండో విడతలో వేశారు. సామాను గుట్టలెక్కేసరికి వానలు పడ్డాయి. దాని గురించి నన్నెవరూ ఏమీ అడగలేదు.

చాచా మాతో మామూలుగానే మాట్లాడారు, టీ తెప్పించారు. కానీ అనుమానం వస్తే నన్ను దాటి అవతలి టెర్మినల్ వాళ్లని అడిగేవారు. లేచి మంచినీళ్లకి వెళ్లినా మిషనులోంచి పూర్తిగా బయటికొచ్చి వెళ్లేవారు, వచ్చాక మళ్లీ పేరు కొట్టి ఓపిగ్గా ఎదురుచూసేవారు. రిటైరయ్యే రోజు దాకా అంతే. ఆ రోజు దండలో నా వంతు పువ్వులూ ఉన్నాయి.

తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కో కంప్యూటర్ వచ్చింది. ఇప్పుడు నా ఒళ్లో ఒకటి, చేతిలో ఒకటి. పింఛను కాగితాలు ఆన్‌లైన్‌లో నింపుతుంటే ఎక్కడో దూరాన ఉన్న మిషను నెమ్మదిస్తుంది. దాన్ని ఎంతమందిమి వాడుతున్నామో, ఎవరి పని ఎవరికి అడ్డం పడుతోందో తెలియదు. ఒక్కోసారి నింపిందంతా పోయి తెర మొదటికొస్తుంది. కళ్లద్దాలు తీసి, కళ్లు నలుముకుని, మళ్లీ నా పేరు కొడతాను.