లెక్కల టీచరు దాచుకున్న భాష

లెక్కల టీచరు పుట్టింది రాతిక్వారీ పక్కన రేకుల ఇళ్లలో. అక్కడివాళ్ల భాష వేరు. చిన్నప్పుడు బడిలో ఆ భాష నోట వస్తే చాలు, తోటిపిల్లలు "రాళ్లోళ్లొచ్చార్రా" అని వెక్కిరించేవారు. కాలేజీలో చేరేనాటికి ఆమె దాన్ని నోట్లోంచి తుడిచేసుకుంది. పదిహేడేళ్ల సర్వీసులో స్టాఫ్‌రూములో ఎవరికీ ఆ సంగతి తెలియనివ్వలేదు.

ఆ ఏడు ఆరో తరగతిలో క్వారీ ఇళ్ల పిల్ల ఒకతి చేరింది. లెక్కల్లో చురుకు, మాట తక్కువ. ఒకరోజు తలుపు సందులో వేలు నలిగి, టీచరు తన పాత భాషలో అరిచేసింది. పిల్ల చెవిన పడనే పడింది. గంట కొట్టగానే వరండాలో వెంటపడి, ఆ భాషలోనే, "నువ్వు మావాళ్ల మనిషివేనా అక్కా?" అని అడిగింది.

పక్కనే సైన్సు మాస్టారు. "ఏమంటోందండీ?"

"ఏమో మాస్టారూ, నాకేం అర్థం కాలేదు."

ఆ రోజు నుంచి పిల్ల క్లాసులో నోరు విప్పడం మానేసింది. నెల తిరక్కుండానే పెద్ద మేడమ్ తల్లిని పిలిపించింది. ఆఫీసు గోడకు "మన బడిలో అందరూ సమానం" అని రంగుల చార్టు. నోరు విప్పని పిల్లకు ఆరో తరగతి పాఠాలు అందడం లేదని, ఐదో తరగతికి దించుతున్నామని చెబితే, తల్లి తన భాషలో గబగబా ఏదో చెప్పింది, చేతులు జోడించింది.

"ఒప్పుకున్నట్టేగా?" అంది మేడమ్.

ప్రతి మాటా అర్థమైన మనిషి ఒక్కతే ఉంది ఆ గదిలో. ఆరో తరగతి క్లాసుటీచరుగా పక్కనే కూర్చున్న లెక్కల టీచరు తలవంచుకుని, దించే కాగితం మీద సంతకం చేసేసింది.

తర్వాత మూడు రోజులు ఐదో తరగతి మీదుగా వెళ్లినప్పుడల్లా ఆమె నడక వేగం పెంచేది. చిన్నపిల్లల బెంచీలో మోకాళ్లు ఇరుక్కుని కూర్చున్న ఆ పిల్ల తలెత్తేది కాదు. నాలుగో రోజు ఆఫీసుకెళ్లింది.

"ఆవిడ ఒప్పుకోలేదు మేడమ్. నా బిడ్డను దించొద్దని బతిమాలింది. నాకు అర్థమైంది. అది మా ఇంటి భాష."

"మరి ఆ రోజే చెప్పలేదేం?"

ఆమె ఆ కాగితం అడిగి తీసుకుని తన సంతకం కొట్టేసింది.

పిల్ల మళ్లీ ఆరులోకి వచ్చింది. టీచరు క్వారీ ఇళ్లకు వెళ్లి, తడబడుతూ వాళ్ల భాషలోనే తప్పు ఒప్పుకుంది. "పోనీలేమ్మా, ఇప్పటికైనా చెప్పావు" అంది తల్లి. పిల్ల మాత్రం లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు క్వారీ తల్లిదండ్రులు ఎవరొచ్చినా టీచరే పక్కన కూర్చుని మాట అందిస్తుంది. ఆ పిల్ల లెక్కలన్నీ తప్పులేకుండా చేసి పుస్తకం బల్ల మీద పెట్టి పోతుంది. ఒక్క మాట మాట్లాడమ్మా అని అడిగే ముఖం టీచరుకు లేదు.