మా వంశపు గళ్ళు

మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు పరువు పోతుంది. కానీ రంగులు ఎంచి, కొలతలిచ్చి, కుట్టించి, ఇస్త్రీ చేయించి మరీ దాన్ని పోగొట్టుకున్నవాణ్ణి దుబాయ్ మొత్తమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. టీ తాగుతూ చదువుతున్నవాళ్ళు ముందు గుక్క మింగేయండి. తర్వాత నన్నని లాభం లేదు.

మాస్కులు మూతుల మీంచి గడ్డాల మీదికి దిగుతున్న రోజులవి. పాలకొల్లు దగ్గర పల్లె నుంచి వచ్చి దుబాయ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. అక్కడే సత్వా అనే పేటలో అయిదుగురం కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. మా వార్డులోనే సుజాత అని అమలాపురం అమ్మాయి ఉండేది. ఆమె రోగికి సూది గుచ్చుతుంటే ఇక్కడ నాకు కళ్ళు తిరిగేవి. ఆమెకీ నేనంటే ఇష్టమే. ఇద్దరికీ మధ్య ఉన్నదల్లా కమలక్క. సుజాతకు సొంత అక్క, మా వార్డుకి పెద్ద నర్సు. ఊళ్ళో అమ్మానాన్నలు చిన్నమ్మాయి పెళ్ళి మాట పెద్దమ్మాయికే వదిలేశారు. కమలక్క ఊఁ అంటే పెళ్ళి, ఊహూఁ అంటే నాకు జీవితాంతం నైట్ డ్యూటీ.

ఇలా ఉండగా, విరిగిన కాళ్ళకి నడక నేర్పే మా డంకన్ దొర రిటైరవుతున్నాడని తెలిసింది. స్కాట్లండ్ మనిషి. ఇంటికి వెళ్ళిపోయే ముందు ఆసుపత్రి పక్క హోటల్లో అందరికీ విందు ఇస్తున్నాడు. ఆ రోజు తాను వేసుకోబోయే కిల్టు ఫోటో నాకు చూపించాడు. వాళ్ళ మగవాళ్ళు నడుముకి చుట్టుకునే, మోకాళ్ళ దాకా ఉన్న గళ్ళ బట్ట. ఆ గళ్ళు ఊరికే గీసినవి కావనీ, ఒక్కో వంశానికి ఒక్కో రకం ఉంటుందనీ, చూడగానే ఫలానావాళ్ళ అబ్బాయి అని చెప్పేయొచ్చనీ అన్నాడు. వంశానికి గళ్ళు లేనివాళ్ళ గతేమిటని అడిగాను. ఎవరైనా సొంతంగా రూపొందించుకోవచ్చు, ఫోన్లో రంగులూ గీతల వెడల్పులూ ఎంచుకుంటే అదే అల్లి చూపిస్తుందన్నాడు.

ఆ మాట ఆయన ఎవరికి చెప్పినా ప్రమాదం ఉండేది కాదు. నాకు చెప్పాడు.

అదే సాయంత్రం క్యాంటీన్లో సుజాత నా ఎదురుగా కూర్చుంది. డంకన్ విందుకి అక్కా బావా వస్తున్నారనీ, అసలు సంగతి వార్డులో రోజూ చూసే నన్ను ఈసారి పెళ్ళికొడుకుగా చూడ్డానికేననీ చెప్పింది.

"అక్క కాదంటే ఇంక నేనేం అనలేనండి. మీరు మామూలుగా రండి, చాలు."

మామూలుగా! మామూలుగా ఉన్నవాణ్ణి ఎవరు చూస్తారండీ? మామూలువాళ్ళతో దుబాయ్ నిండిపోయింది. వంశం, చరిత్ర, ఒక ఠీవి ఉన్నవాడిలా కనబడాలి. నా వంశం చరిత్ర అంటారా, మా తాత దగ్గర మొదలై మా నాన్న దగ్గర ఆగుతుంది. దానికో గుర్తు ఉంటే తప్ప కమలక్క కళ్ళకు ఆనదని నిర్ణయించుకున్నాను.

విందుకి ఇంకా నెల ఉంది. ఆ నెల రోజులూ నేను దుబాయ్‌లో లేను. ఒంటి మీద యూనిఫాం ఉండేది, చేతిలో థర్మామీటరు ఉండేది, నేను మాత్రం ఎక్కడో మంచుకొండల్లో ఉండేవాణ్ణి. మా పొలం గట్టున వరి ఈనే ముందు ఉండే పచ్చ వేశాను. కాలవ మీద పొద్దువాలేటప్పటి నీలం వేశాను. రెండింటి మధ్యా ఎడారి ఇసుక రంగు సన్నటి గీత. నర్సింగుకి గౌరవంగా తెలుపు. సుజాత లంచ్ బాక్సు మూతకున్న ఎరుపుని చివర్లో ఒక్క పోగంత చేర్చాను. ఎవరికీ కనబడకూడదు, ఆమెకి మాత్రం తెలియాలి. గీతలు ఒకదాన్నొకటి దాటిన ప్రతిచోటా కొత్త రంగు పుట్టేది. పచ్చ మీదికి నీలం వచ్చినచోట మా ఊరి తెల్లవారుజాము కనిపించేది. బస్సులో కిటికీకి తల ఆనించి ఫోన్ చూస్తుంటే, సత్వా వీధి దీపాలు మెల్లగా పొగమంచులో కలిసిపోయి, నేనూ సుజాతా ఎప్పుడూ చూడని కొండల మీద నడిచి వెళ్తుండేవాళ్ళం. వెనకాల మా పిల్లలు. అందరికీ అవే గళ్ళు. నిజం చెప్పొద్దూ, నా జీవితంలో అంత హాయైన నెల మళ్ళీ రాలేదు. ఆలు లేదు, చూలు లేదు, వంశానికి గళ్ళు మాత్రం సిద్ధం!

అయితే గళ్ళు గీయగానే కిల్టు కాదు. దానికి మా రూమ్మేట్ గంగన్న తోడయ్యాడు. జగిత్యాల దగ్గరివాడు, అల్ ఖూజ్‌లో స్కూలు యూనిఫాంలు కుట్టే షెడ్డులో కటింగ్ మాస్టరు. కలలు కనడంలో నాకు తీసిపోడు. కిల్టుకి మందపాటి ఉన్ని గుడ్డ కావాలని నేను చదివి చెబితే, ఈ ఎండల్లో ఉన్ని కడితే మనిషి ఉడికిపోతాడని ఇద్దరం తీర్మానించుకున్నాం. వాళ్ళ షెడ్డు పక్కనే బట్టల మీద బొమ్మలు అచ్చేసే చోట పల్చటి నూలు గుడ్డ మీద నా గళ్ళు వేయించాడు. ఫోన్లో అరచేయంత ఉన్న గడి గుడ్డ మీద అగ్గిపెట్టెంత అయింది. ముద్దుగా ఉందనుకున్నాం.

"కుచ్చులు ముంగట వెడ్దామా, ఎన్కనా అన్నా?" అన్నాడు గంగన్న.

డంకన్‌ని అడిగితే సరిపోయేది. కానీ మనకు కుచ్చిళ్ళు ఎటు వస్తాయో ఒకడిని అడగాలా? అమ్మ చీరకి ముందే, నాన్న పంచెకి ముందే. ముందే పెట్టమన్నాను.

"గదే కరెక్టన్నా. నడుస్తాంటే మంచిగ ఊగుతయి. నువ్వు గట్ల పోతే పిల్ల తరఫోళ్ళు ఖలాస్, మారుమాటుండది."

విందు రోజు రానే వచ్చింది. తెల్ల చొక్కా, నల్ల కోటు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, వీటికీ వాటికీ మధ్య మా వంశం. హోటల్ తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టేసరికి చల్లగాలి నా మోకాళ్ళని తాకింది. అచ్చం నేను కలగన్న కొండగాలే. ఎక్కడో మెత్తగా సంగీతం వస్తోంది. ఫిలిప్పీన్స్ నర్సులు ఫోటోలు తీశారు. నేల మీద నడుస్తున్నట్టే లేదు నాకు. దూరంగా గుండ్రటి బల్ల దగ్గర సుజాత, కమలక్క, ఆవిడ భర్త రాజారత్నం గారు కూర్చుని ఉన్నారు. తేలుకుంటూ వెళ్ళి రెండు చేతులూ జోడించి, "వందనాలండీ" అని వంగాను.

రాజారత్నం గారు నన్ను పైనుంచి కిందికి చూశారు. కిందికి వచ్చాక అక్కడే ఆగిపోయారు. చాలా మంచి మనిషి, నలుగురిలో నన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి చెవిలో చెప్పారు.

"బాబూ, ఏం అనుకోకు. పెద్దాళ్ళున్నారు. లుంగీ దింపుకో నాన్నా."

నాకు కలంతా ఒక్కసారిగా దిగిపోయింది. దిగాల్సింది మాత్రం దిగలేదు.

మా వైపు మగపిల్లాడికి ఓనమాలకన్నా ముందు నేర్పే మర్యాద ఇది. ఇంట్లో లుంగీ మోకాళ్ళ పైకి మడిచి కట్టుకో, చేపలు పట్టుకో, చెట్లెక్కు, ఎవరూ ఏమనరు. పెద్దవాళ్ళు ఎదురైతే మాత్రం మడత విప్పి కిందికి దించాలి. దించనివాడు పొగరుబోతు, వాడికి పిల్లనివ్వరు. వంగి నన్ను నేను చూసుకున్నాను. పల్చటి నూలు. అగ్గిపెట్టె గళ్ళు. పచ్చ, నీలం, మధ్యలో తెలుపు. ముందువైపు గుత్తిగా కుచ్చులు. చేపల చెరువు గట్టు మీద నిలబడ్డ మా చిన్నాన్న కనిపించాడు, కోటుతో సహా.

"ఇది దిగదండీ" అన్నాను.

"ఎందుకు దిగదు?"

"ఇంతే కుట్టించానండి."

"లుంగీ కుట్టించడమేంటి బాబూ?" అన్నారాయన దిగులుగా. నాకు చిన్నప్పుడేమైనా దెబ్బ తగిలిందేమోనన్నట్టు భార్య వైపు చూశారు.

నేను వరి పచ్చ నుంచి మొదలుపెట్టి కాలవ, ఇసుక, వంశం అన్నీ వివరించాను. కమలక్క ముందుకు వంగి ఆ గళ్ళనే పరీక్షగా చూసింది. వాళ్ళ నాన్నగారు అమలాపురంలో కొనుక్కునే లుంగీలు అచ్చం ఇవే గళ్ళని, ఏళ్ళ తరబడి కొంటున్నారని తేల్చింది. నెల రోజులు మంచుకొండల్లో తిరిగి నేను కనిపెట్టింది మామగారి లుంగీ అన్నమాట. సుజాత చేతిగుడ్డ ముఖానికి అడ్డంపెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని నా ప్రాణం పోయింది. అంతా నా చేతులతో నేనే పాడుచేశానని అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే డంకన్ వచ్చాడు, ఉన్ని కిల్టులో కొండలా. నన్ను చూసి మురిసిపోయి, అంతలోనే కంగారుపడి, కుచ్చులు వెనక్కి ఉండాలి, తిరగేసి కట్టుకున్నావని మెల్లగా చెప్పాడు. ఆ క్షణంలో నా బుర్ర పనిచేసి ఉంటే బాత్రూమ్‌కి వెళ్ళేవాణ్ణి. పనిచేయలేదు. అక్కడే నిలబడి, కాబోయే తోడల్లుడి ముందు, కాబోయే వదినగారి ముందు, నడుం చుట్టూ ఉన్నదాన్ని తిరగలిలా తిప్పడం మొదలుపెట్టాను. సగం తిరిగాక కొక్కెం కోటుకి పట్టుకుని ఆగిపోయింది. కుచ్చులు ఇప్పుడు కుడివైపున ఉన్నాయి. అటూ కాదు, ఇటూ కాదు. వదిలేసి చేతులు కట్టుకున్నాను.

కమలక్క మంచినీళ్ళు తాగింది. గ్లాసు కిందపెట్టి భర్త వైపు తిరిగింది.

"పెళ్ళిచూపుల్లో మీకు అబ్బాయి ముఖం చూపించి పోదామని వచ్చామండి. మోకాళ్ళు కూడా చూసేశాం. ఇంక ఇతను మన దగ్గర దాచడానికి ఏం మిగల్లేదు. నాన్నకి ఫోన్ చేసి ఖాయం అని చెప్పేయండి."

రాజారత్నం గారు జేబులోంచి ఫోన్ తీశారు. నన్ను మరొక్కసారి పైనుంచి కిందికి చూశారు.

"చేస్తాను గానీ కమలా," అన్నారు, "వీడియో మాత్రం వద్దు."

ఆ విధంగా నా పెళ్ళి కుదిరింది. కాబట్టి పాఠక మహాశయులారా, కుడిచేయి గుండె మీద ఉంచుకుని, ఎడమచేత్తో నడుం గట్టిగా పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: బొందిలో ప్రాణం ఉండగా, దించడానికి వీల్లేని బట్ట ఏదీ కట్టుకుని పెద్దవాళ్ళ ముందు నిలబడను గాక నిలబడను.