చదువొచ్చింది, కోటు రాలేదు

మా అమ్మాయి పుట్టకముందే చదువులో ఒక ఏడాది వెనకబడింది. ఇది నేను అల్లిన కథ కాదు. నేను అల్లినవి వేరే ఉన్నాయి, వాటి సంగతి తర్వాత వస్తుంది.

కడుపులో ఎదురుకాళ్లతో ఉంది కాబట్టి ఆపరేషన్ తప్పదన్నారు. డాక్టరమ్మ నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగకి ముందు ఒక రోజు, తర్వాత ఒకటి రెండు రోజులు చూపించి, ఏదైనా ఫరవాలేదు, మీ ఇష్టం అంది. ఇష్టం మన చేతికి వచ్చాక మనం ఊరుకుంటామా? పురుడు పోయడానికని మా అత్తగారు అప్పటికే గుంటూరు నుంచి అమెరికాలోని మిషిగన్‌లో మా ఊరు ట్రాయ్‌కి వచ్చి ఉన్నారు. ఫోన్ కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని నేను చేతులు ఊపుతున్నా లెక్కచేయకుండా ఆవిడ తమ పంతులుగారితో తీరుబడిగా మాట్లాడారు. పంతులుగారు థాంక్స్‌గివింగ్ వారాన్ని చదువుకు పనికిరాదని కొట్టేశారు. డిసెంబరు మొదటి వారంలో ఒక ఉదయం తేల్చారు. ఆ ఘడియలో పుడితే విద్యాయోగం, పైగా రాణియోగం. పాప సరిగ్గా ఆ ఘడియలోనే కెవ్వుమంది. ఆసుపత్రి వరండాలో అత్తగారు నన్ను చూసి, "ఇంక మీరు దీని చదువు గురించి చూసుకోనక్కర్లేదు బాబూ" అన్నారు.

మిషిగన్‌లో అప్పటి రూలు వేరే. ఒకటో తరగతికి ముందు కిండర్‌గార్టెన్ అనే మెట్టు ఒకటుంది. సెప్టెంబరులో అందులో చేరాలంటే డిసెంబరు ఒకటికల్లా ఐదేళ్లు నిండాలి. ఈ ముక్క పంచాంగంలో లేదు. మాకూ తెలియదు. తెలిసేసరికి పిల్లకి నాలుగేళ్లు దాటాయి, మాంద్యం దెబ్బకి కార్ల కంపెనీలన్నీ జ్వరమొచ్చినట్టు వణుకుతున్నాయి, మా ఎదురింటి తెలుగువాళ్ల అమ్మాయి బడికి కొత్త సంచీ కొనుక్కుంది.

ఆ ఎదురింటి పిల్లే నా ప్రాణానికి వచ్చింది. అది థాంక్స్‌గివింగ్ రోజున, వాళ్లమ్మ కోడిపలావు పొయ్యి మీద పెట్టి ఉండగా, ఏ పంతులుగారినీ అడక్కుండా పుట్టేసింది. కాబట్టి గడువులోపలే ఉంది. సెప్టెంబరులో దర్జాగా పసుపుపచ్చ బస్సెక్కుతుంది. మా పిల్లా అదీ నడక వచ్చినప్పటి నుంచీ ఒకే బొమ్మకి రెండు కాళ్లలాగా తిరిగారు.

"డాడీ, నేను తన పక్కన కూర్చుంటా కదా? విండో సీట్ తనకే ఇస్తా" అంది మా అమ్మాయి. నేను ఊఁ అన్నాను. అనకుండా ఎలా ఉంటాను?

బడి ఆఫీసుకు వెళ్లి వాదించాను. అది పాప పుట్టినరోజు కాదు, మా పంతులుగారి పుట్టినరోజు అని కూడా చెప్పి చూశాను. అక్కడి పెద్దావిడ నవ్వి, ఇలాంటి కారణం తానెప్పుడూ వినలేదని ఒప్పుకుంది. రూలు మాత్రం ఒప్పుకోలేదు. ఒకటే దారి చెప్పింది: ఈ ఏడు ఏదైనా ప్రైవేటు కిండర్‌గార్టెన్ చేర్చుకుని చదువు పూర్తి చేయిస్తే, వచ్చే ఏడు నేరుగా ఒకటో తరగతిలోకి తీసుకుంటారు. అంటే ఒక్క ఏడాది ఓపిక పడితే మా పిల్ల కూడా ఎదురింటి పిల్ల పక్కన బస్సులో ఉంటుంది.

బళ్ల వేట మొదలైంది. మొదటిదాంట్లో పిల్లలు బురదతో వంట చేస్తున్నారు. "ఇక్కడ మేం అక్షరాలు తొందరపెట్టం" అని టీచరు గర్వంగా చెబుతుంటే మా ఆవిడ మొహం బురద కన్నా నల్లబడింది. రెండోదాంట్లో అన్నీ మనవాళ్ల పిల్లలే. వాళ్లు గుమాస్తాల్లా కూర్చుని లెక్కలు చేస్తున్నారు. ఒక పిల్లాడు తుమ్మబోయి, మధ్యలో ఆపుకుని, లెక్క పూర్తయ్యాక తుమ్మాడు. మా ఆవిడ కళ్లు మెరిశాయి. అయితే అక్కడ సీటు కావాలంటే పెళ్లిచూపుల నాడే పేరు రాయించుకుని ఉండాల్సిందట. ఇది కొంచెం పెంచి చెప్పాను. కొంచెమే.

మిగిలింది మూడోది. పాత ఇంట్లో చిన్న బడి, దానికో పొడుగాటి ప్రిన్సిపాలమ్మ. "వయసు నాకు ముఖ్యం కాదు, ఒక పూట నా దగ్గర వదలండి. ఒకటో తరగతికి తయారవగలదో లేదో చూసి చెబుతాను" అంది. తరగతి గది కనబడే అద్దం వెనక కుర్చీలు వేసి మమ్మల్ని కూర్చోబెట్టింది.

మా పిల్ల పుస్తకం చదివింది. ఇంకోటి చదివింది. ఎవరూ అడక్కుండానే రెండో ఎక్కం చెప్పి, దమ్ము తీసుకుని మూడోది ఎత్తుకుంది. మా ఆవిడ నా చెయ్యి నొక్కింది. ఇంతలో గంట కొట్టారు. ఏప్రిల్ అయినా బయట ఇంకా మంచు. పిల్లలందరూ కొక్కేలకున్న చలికోట్లు లాక్కుని, చకచకా జిప్పులు పెట్టుకుని బయటికి పరుగెత్తారు. మా పిల్ల తన కోటు ముందు నిలబడి రెండు చేతులూ పక్కకి చాచింది. అంతే. అలాగే నిలబడింది. ఇంట్లో ఆ చేతుల్లోకి కోటు దానంతటదే వచ్చి దూరుతుంది. ఒకవైపు అమ్మ, ఇంకోవైపు అమ్మమ్మ. ఇక్కడ రాలేదు. కోటెందుకు రావడం లేదో దానికి అర్థం కాలేదు.

ప్రిన్సిపాలమ్మ బయటికి వచ్చి మెల్లగా చెప్పింది, "చదువొచ్చింది. కోటు రాలేదు. ఆగస్టులో ఇంకోసారి తీసుకురండి."

ఇంటికొచ్చి జరిగింది చెబితే అత్తగారు చెక్కుచెదరలేదు. ఈసారి ఆవిడ ఆరు నెలలు ఉండడానికి వచ్చారు.

"రాణియోగం అని పంతులుగారు ఊరికే అన్నారా అల్లుడుగారూ? రాణులెక్కడైనా కోట్లు తొడుక్కుంటారా, తొడిగించుకుంటారు గానీ!"

"అమ్మా, నువ్వు కాసేపు ఆగుతావా?" అంది మా ఆవిడ.

"నేనేమన్నానే? ఉన్నమాటేగా!"

ఆ వేసవంతా మా ఇంట్లో మా ఆవిడ కోటు పాఠాలు నడిపింది. బయట ఎండకి రోడ్డు తారు మెత్తబడుతుంటే లోపల మా పిల్ల చలికోటు వేస్తోంది, తీస్తోంది. నేనూ ముందు నిలబడి నా కోటు వేసుకుని చూపించేవాణ్ణి. ఒకరోజు కొరియర్ కుర్రాడు తలుపు కొట్టి, నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "పసిదాన్ని ఉడకబెట్టేస్తున్నారు" అని అత్తగారు మజ్జిగ గ్లాసుతో చుట్టూ తిరిగేవారు. పిల్ల విసుక్కుని జిప్పు వదిలేసినప్పుడల్లా నేను నాకు తెలిసిన వైద్యం చేశాను.

"ఆ పసుపుపచ్చ బస్సు డ్రైవరు ఉన్నాడు చూశావూ, వాడు టికెట్ అడగడు. కోటు చూస్తాడు. జిప్పు గడ్డం దాకా ఉంటే ఎక్కించుకుంటాడు. సగంలో ఉందనుకో, ఆ బస్సు వాడి మాట కూడా వినదు, తలుపు మూసేసుకుంటుంది."

"ప్రామిస్?"

"ప్రామిస్."

పిల్ల రెండో వారానికల్లా జిప్పు సర్రున గడ్డం దాకా లాగేసింది.

ఆగస్టులో మళ్లీ వెళ్లాం. ఆ ఎండలో కోటు సంగతి ఎవరూ ఎత్తలేదు. మేం చంకలో పెట్టుకెళ్లిన కోటు చంకలోనే ఉంది. ఈసారి మధ్యాహ్నం భోజనం దాకా ఉంచమన్నారు. పిల్లలందరూ డబ్బాలు తెరిచి తింటున్నారు. మా పిల్లా తెరిచింది. లోపల పులిహోర, పక్కన చెంచా. చేతులు ఒళ్లో పెట్టుకుని టీచరు వైపు చూసింది.

టీచరు వంగి, తినవా తల్లీ అని అడిగింది.

"స్టోరీ" అంది మా పిల్ల.

"ఏం స్టోరీ?"

ఏం తెలియని మనిషివి అన్నట్టు చూసి మా పిల్ల తన ఇంగ్లీషులో విడమరిచి చెప్పింది. ముద్దకొక స్టోరీ ఉండాలి. లేకపోతే ముద్ద గొంతులో దిగదు. నిన్నటి ముద్దలో డాడీ చెప్పింది, మిషిగన్ రోడ్లలో గుంటలెందుకు పడతాయో. మా కారుకి రాత్రిళ్లు ఆకలేస్తుంది, ఎవరూ చూడకుండా వెళ్లి రోడ్డు కొరుక్కు తింటుంది. డాడీ చూశాడు.

అద్దం వెనక మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ వీపున తగులుతూనే ఉంటుంది.

ప్రిన్సిపాలమ్మ ఈసారి కొంచెం బాధగానే చెప్పింది. "మీ పాప చదువుకి నేను వంక పెట్టలేను. కానీ ఒక గది నిండా పిల్లలున్నచోట ముద్దకో కథ చెప్పడానికి నా దగ్గర మనిషి లేడు. ఈ ఏడు చిన్న తరగతిలో వేద్దాం. కిండర్‌గార్టెన్ వచ్చే ఏడు." నేను ఏదో అనబోయాను. చెయ్యి ఎత్తి ఆపింది. "నేను తొందరపెట్టి పంపితే అక్కడ ఒకటో తరగతిలో ఏడ్చేది ఈ పాపే."

అయిపోయింది. పంతులుగారు ముడేసిన ఏడాది ముడేసినట్టే ఉండిపోయింది.

"ఎక్కాలు నేర్పింది నేను. జిప్పు నేర్పింది నేను" అంది మా ఆవిడ కారులో. "మీరు నేర్పింది ఒక్కటి. వెళ్లి దాన్నే చూపించుకొచ్చింది."

"పులిహోర కాకుండా ఏదైనా పెట్టాల్సింది" అన్నాను.



సెప్టెంబరులో బడి తెరిచిన రోజు పొద్దున పసుపుపచ్చ బస్సు మా వీధి మలుపు తిరిగింది. ఎదురింటి పిల్ల కొత్త సంచీతో, వాళ్ల నాన్న కెమెరాతో నిలబడి ఉన్నారు. మా అమ్మాయిని కిటికీ దగ్గర నుంచే చెయ్యి ఊపమందామని వెనక్కి తిరిగితే అది అక్కడ లేదు. ముందు తలుపు బార్లా తెరిచి ఉంది. చలికోటు వేసుకుని, జిప్పు గడ్డం దాకా లాగి, చెమటలు కారుతూ వాకిట్లో కారు పక్కనుంచి బస్సు వైపు పరుగెడుతోంది.

నేనూ పరుగెత్తాను. నేను అందుకునేసరికి బస్సు మెట్ల ముందు నిలబడి డ్రైవరుకి గడ్డం ఎత్తి చూపిస్తోంది. "లుక్, ఐ డిడ్ ఇట్!" డ్రైవరు నా వంక చూశాడు. నేను పిల్ల భుజాలు పట్టుకుని ఒక అడుగు వెనక్కి జరిపాను. ఎదురింటి పిల్ల పైమెట్టు మీద నుంచి, "కమ్! విండో సీట్ నీకే!" అని పిలిచింది. తలుపు మూసుకుంది. బస్సు వెళ్లిపోయింది.

"ఫుల్‌గా ఉంది కదా డాడీ, జిప్పు?" అంది. ఏడవలేదు. తప్పెక్కడ జరిగిందో తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"ఫుల్‌గానే ఉందమ్మా."

"మరి?"

ఏ ప్రశ్నకైనా సమాధానం నిలబడ్డచోటే పుట్టించగలవాణ్ణి. వంగి, ముందు కోటు తీసేద్దాం రా, ఉడికిపోతున్నావు అన్నాను. నా చెయ్యి తోసేసి తనే తీసుకుంటానని లాగింది. జిప్పు కదల్లేదు. లోపలి గుడ్డ పళ్ల మధ్య ఇరుక్కుపోయింది. నేను లాగాను, అది లాగింది, మా ఆవిడ వచ్చి లాగింది. చివరికి పిల్ల అలిసిపోయి రెండు చేతులూ పక్కకి చాచి, కళ్లు మూసుకుని నిలబడింది.

అప్పుడు అత్తగారు ఇంట్లోంచి కొబ్బరినూనె సీసాతో గబగబా వచ్చారు. ఆ పనికి మాత్రం ఆవిడ ముహూర్తం చూడలేదు.