చుట్టం కాని సాక్షి

బాపు పోయిన నెలకు అవ్వను, అంటే మా అమ్మను, వెంటబెట్టుకొని కరీంనగర్‌లోని బీమా ఆఫీసుకు పోయాను. పాలసీ చిన్నదే. వానలకు సమాధి మట్టి కూలకముందే ఆ పైసలతో పైన బండ వేయించాలని అవ్వ పట్టుదల. మరణ ధ్రువపత్రం ఇస్తే గుమస్తా ఇంకో ఫారం చేతిలో పెట్టాడు. పాలసీకి మూడేళ్ళు నిండలేదు కాబట్టి, పాతిపెట్టడం కళ్ళారా చూసిన మనిషి సంతకం కావాలట. ఆ మనిషి చుట్టం కాకూడదట.

"మట్టి ఏసినోళ్ళంత మా చుట్టాలే గద సారూ!" అంది అవ్వ.

నిజమే. హుజూరాబాద్ పక్క మా ఊళ్ళో చర్చికొచ్చే వాళ్ళంతా ఒకరికొకరు వియ్యంకులో బావమరుదులో. పాస్టరుగారు కూడా మా మేనమామ అల్లుడే. ఆ రోజు వచ్చిన పరాయి మనిషి ఒక్కడే, మా పక్క చేను పటేలు. ఒకప్పుడు బాపు ఆయన మందు కొట్టే పంపు అడిగి తెచ్చి, నాజిల్ పోగొట్టి తిరిగిచ్చాడు. అంతే, పన్నెండేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. వేలెడంత ఇత్తడి ముక్క కోసం! మగవాళ్ళ పౌరుషాలు తగలెయ్య.

"గా గడప నేను తొక్క" అంది అవ్వ.

"మరి బండ?" అన్నాను. అవ్వ చెప్పులేసుకుంది.

పటేలు ఫారం అందుకొని నింపి సంతకం పెట్టాడు. మేం చదవనైనా చదవకుండా మర్నాడు బస్సెక్కాం.

"చుట్టం వద్దంటే సొంత తమ్మున్నే తెచ్చిండ్రేందమ్మా?" అన్నాడు గుమస్తా. చూస్తే, మృతుడితో సంబంధం అన్నచోట లావుపాటి అక్షరాలతో 'తమ్ముడు' అని ఉంది.

నాకు ఒళ్ళు మండింది. కొత్త ఫారం తీసుకొని నేరుగా ఆయన చేనుకే పోయాం.

"కాకా, నీకూ మాకూ ఏం చుట్టరికమే? ఏం కానని రాసియ్యి జర!" అని అరిచాను.

ఆయన పెన్ను పట్టుకొని గట్టు మీద కూర్చున్నాడు. "పన్నెండేండ్లు అన్నతోని మాట్లాడలే, నిజమే బిడ్డా. గంతమాత్రాన ఏం గానోన్ని ఎట్లయిత? గింత అబద్ధం ఎట్ల రాయాలె?" అన్నాడు. నా కోపమంతా నీరుగారి, సిగ్గేసింది.

"పెట్టు మరిదీ" అంది అవ్వ. "గా కాయితానికేం తెలుసు."

'ఏమీ కాను' అని రాసి సంతకం పెట్టాడు.

తొలకరికి ముందే పైసలొచ్చాయి. బండ ఎత్తే రోజు తలవైపు పట్టుకున్నది ఆ ఏమీ కాని పటేలే.